‘వెధవ’ శబ్దవిచారము

తెలుఁగుదేశమునందు బడిలోను, పొలములోను, అంగడిలోను దినమున కెన్నిమాఱులు వినఁబడునో లెక్కింప నలవిగాని తిట్టు ‘వెధవ’ యనునది. తండ్రి కొడుకు నట్లు పిలుచును. పంతులు శిష్యుని నట్లు గద్దించును. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి చేలలోఁ బత్తి తీయునపుడును, మిరపకాయలు గోయునపుడును మేస్త్రి కూలివాని నట్లు కేకవేయును. నేస్తులు నేస్తు నట్లు పిలిచి నవ్వుకొందురు. ఇంతకంటెఁ గఠినములైన తిట్లు పెక్కులు గలవు గనుక దీనిని దిట్టుగాఁ బరిగణింపనివారును గలరు. అయినను ఈ శబ్దమునకు ముఖ్యార్థ మేమి, స్త్రీవాచకమగు నీ పదము పురుషునియం దెట్లు ప్రవర్తించెను, అది నిందగా మాఱుటకుఁ గారణ మేమి యను విషయములు విచారింపఁదగియున్నవి.

తిట్టునకు శాస్త్రవిచార మేల యని శంకింపరాదు. పాణిని మహర్షి తిట్లను గూడ నుపేక్షింపలేదు. అష్టాధ్యాయి యాఱవ యధ్యాయము మూఁడవ పాదమున, ఆక్రోశము, అనఁగా నింద, తోఁచునపుడు సమాసమునఁ బూర్వపదముమీఁది షష్ఠీవిభక్తి లోపింపదని యొక సూత్రము గలదు. పుత్రశబ్దము పరమగునపుడు ఆ యలోపము వికల్పమని తరువాతి సూత్రము చెప్పును. కావున నిందయందు దాసీపుత్రుఁడనియు, దాస్యాఃపుత్రుఁడనియు రెండు రూపములు సాధువులు. బ్రాహ్మణీపుత్రుఁడనునపుడు నింద లేదు గనుక రెండవరూపము పొసఁగదు. ‘దేవానాంప్రియ’ యనునదియు నీ ప్రకరణములోనిదే. క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ శతాబ్దమున నశోకచక్రవర్తి తన ధర్మలిపులయందుఁ దనకు బిరుదముగా వ్రాయించుకొన్న యీ పదము, కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడి శిలలమీఁద నేఁటికిని గానవచ్చుచున్న యీ పదము, భట్టోజిదీక్షితుల నాఁటికి మూర్ఖుఁడను నర్థమున వ్యాకరణమున నిలిచిపోయెను. ‘దేవతలకు ఇష్టుఁడు’ అను గౌరవపదము తిట్టయ్యెను.

వైయాకరణులు తమ్ముఁ దాము సైతము విడువలేదు. కుత్సితవాచకములు కుత్సనవాచకములతో సమసించునని రెండవ యధ్యాయమునఁ జెప్పిన సూత్రమునకు ‘వైయాకరణఖసూచి’ యనునది ప్రసిద్ధోదాహరణము. ప్రశ్న యడుగఁగా నుత్తరము తోఁపక, యాకాశమును సూదితోఁ బొడుచువానివలెఁ బైకిఁ జూచు వైయాకరణుఁడని దాని భావము. కాఁబట్టి నిందావాచకముల నిర్మాణమును, శక్తిని బరిశీలించుట శాస్త్రమునకుఁ గ్రొత్తగాదు.

ఇఁక బ్రకృతము ననుసరింతము. సంస్కృతమున ‘విధవా’ యనునది స్త్రీలింగము. సంప్రదాయవైయాకరణులు దీనిని బ్రాదిబహువ్రీహిగా సాధింతురు. ‘ధవుఁడు’ అనఁగా భర్త. ఎవతెకు ధవుఁడు విగతుఁడో యామె విధవ. అమరసింహుఁడు భర్తృపర్యాయములలో ధవశబ్దమును మొదటఁ బేర్కొనెను. విధవకు ‘విశ్వస్త’ యను పర్యాయమును జెప్పెను. విద్యార్థులకు నేర్పు వ్యుత్పత్తి యిదియే. అది రూపసిద్ధికిఁ జాలును. అయితే చరిత్ర వేఱుగా నున్నది.

యాస్కుఁడు నిరుక్తము మూఁడవ యధ్యాయమున విధవాశబ్దమునకు నొక్క నిర్వచనముతోఁ దృప్తిపడలేదు. ధరించువాఁడు లేనిదియని యొకటి, వణఁకుటవలన నని యొకటి, పరుగిడుటవలన నని యొక యాచార్యుని మతము, ధవుఁడనఁగా మనుష్యుఁడు గనుక వానిని బాసినది యని తుదకు మఱియొకటి, ఇట్లు పలువిధములఁ జెప్పెను. ఒక పదమునకు నిన్ని నిర్వచనము లవసరమైనవనఁగా, ఆ నాఁటికే దాని యవయవార్థము సందిగ్ధమై యుండెనని యూహింపవచ్చును.

ఆధునిక భాషాతత్త్వజ్ఞులు ఈ సందేహమును దీర్చిరి. లాటినుభాషలో విదువా, గోతిక్కున విదువో, ప్రాచీన స్లావుభాషలో విదొవ, పారసీకమున బేవా, ఆంగ్లమున విడో: ఇవన్నియు సంస్కృత విధవాశబ్దమునకు సోదరములు. ఈ భాషల కన్నింటికిని మూలమగు భాషలోనే యీ పదము ‘వేఱుపడినది, వెలితియైనది’ యను నర్థమున నేకపదముగా నుండెను. అందు ‘వి’ యుపసర్గము గాదు. ‘ధవ’ ప్రత్యేకపదము గాదు. ఋగ్వేదమున విధవాశబ్దము గలదు. భర్తృవాచకమగు ధవశబ్దము కానరాదు. సోదరభాషలలోను భర్త యను నర్థమున ధవశబ్దమునకు సాటి లేదు. కాలక్రమమున జనులు విధవాశబ్దమును విఱిచి, ‘వి’ యనఁగా లేమి గనుక మిగిలిన ‘ధవ’ యనునది భర్త కావలెనని తలంచిరి. ఇట్లు ధవశబ్దము పుట్టెను. అనఁగా భర్తపదము లేకపోవుటచే విధవాపదము కలుగలేదు. విధవాపదమునుండియే భర్తపదము గలిగెను.

ఈ విశేషము గమనింపఁదగినది. తెలుఁగు కావ్యముల యాశ్వాసాంతములయందు రమాధవుఁడనియు, ఉమాధవుఁడనియు దేవుని సంబోధింపని కవి యరుదు. మధువంశజుఁడను నర్థమున వచ్చిన మాధవశబ్దమును గూడ ‘మా’ యనఁగా లక్ష్మి, ఆమెకు ధవుఁడని వ్యాఖ్యాతలు విఱిచిరి. లక్ష్మీపతికిని, గౌరీపతికిని గౌరవపదమైన యీ ధవశబ్దము విధవాశబ్దమునకు ఋణపడియున్నది. జనించిన పదము పూజ్యమాయెను. జన్మమిచ్చిన పదము తిట్టాయెను.

వేదమున విధవాశబ్దము నిందాపదము గాదు. దశమమండలమునం దొక యంత్యక్రియాసూక్తమున ‘అవిధవలు’, అనఁగా భర్తలు గల స్త్రీలు, ముందు నడవవలెనని కలదు. అశ్వినీదేవతల సూక్తమున నొకచో విధవయు, దేవరుఁడును, అనఁగా మఱఁదియు, ఉపమానముగాఁ జెప్పఁబడిరి. ఇందు దుఃఖము గలదు, లోకస్థితి గలదు, దూషణము లేదు. స్మృతుల కాలమునకుఁ గ్రమముగా విధవ మంగళకార్యములకు దూరమయ్యెను. భర్త చనిపోయిన పిమ్మట జారునివలనఁ బుట్టినవానికి ‘గోలకుఁడు’ అను ప్రత్యేకనామము కోశములకెక్కెను. అనఁగా విధవకుఁ గొడుకు గలఁడన్నచో లోకము మొదట సంశయించుట కలవాటుపడెను. తెలుఁగునందలి ‘ముండకొడుకు’ అను తిట్టునకు బీజ మిదియే. ముండ యనునదియు సంస్కృత ‘ముండా’ శబ్దభవమే. శిరోముండనము చేయఁబడినది యని దాని యర్థము.

తెలుఁగున విధవాశబ్దము వెధవ యగుట ధ్వనిరీత్యా సహజము. తరువాతి యక్షరమున నకార ముండఁగా మొదటి యిత్వము ఎత్వముగను, ఉత్వము ఒత్వముగను మాఱుట తెలుఁగునకు స్వభావము: దిశ దెస యయ్యెను, ముఖము మొగ మయ్యెను, గుణము గొన మయ్యెను. అయితే వెధవశబ్దమున ధకారపు మహాప్రాణము నిలిచియున్నది. పల్లెజనులు మాత్రము దానిని సైతము విడిచి, మొదటి వకారమును గూడ జాఱవిడిచి ‘ఎదవ’ యందురు. వెంట్రుకను ఎంట్రుక యనుట యెట్టిదో యిదియు నట్టిదే. గుంటూరుసీమలో చదువరి నోట వెధవయు, సేద్యగాని నోట ఎదవయు వినఁబడుటచే నీ పదము పండితగృహములనుండి పొలములకు దిగిన జాడ తెలియుచున్నది.

లింగవిషయమున నీ పదముయొక్క నడక మిక్కిలి విచిత్రమైనది. తత్సమపుంలింగములకుఁ దెలుఁగున డుప్రత్యయము చేరును; రాముఁడు, మూర్ఖుఁడు, దుష్టుఁడు. వెధవ పురుషుని దెలిపినను ‘వెధవుఁడు’ అను రూపము పుట్టలేదు. అనఁగా నాకృతి స్త్రీలింగముగానే యున్నది. కాని క్రియ మాత్రము పురుషుని ననుసరించును: ‘ఆ వెధవ వచ్చినాఁడు’ అందురు. ఇట్లు పదము పురుషపరమై స్థిరపడఁగా, నిజముగా భర్త పోయిన స్త్రీని దెలుపుటకు వెధవ యను రూపము చాలక, స్త్రీప్రత్యయమును మఱలఁ జేర్చి ‘విధవరాలు’ అనవలసివచ్చెను. స్త్రీలింగపదముపై స్త్రీప్రత్యయము నెక్కించుట పునరుక్తివలెఁ దోఁచును గాని, లోకము తన పదమును గోల్పోయిన స్త్రీకి దానిని దిరిగి యిచ్చుటకుఁ జేసిన యత్న మది.

ఇఁక పురుషునియం దీ పదము ప్రవర్తించు విధము. పురుషుఁడు విధవ కాఁజాలఁడు గనుక ముఖ్యార్థమునకు బాధ కలుగును. ముఖ్యార్థబాధయు, దానితో సంబంధమును, రూఢిగాని ప్రయోజనముగాని యుండెనేని లక్షణ యగునని మమ్మటాదులు చెప్పిరి. ‘వాహీకుఁడు ఎద్దు’ అను శాస్త్రోదాహరణ మీ జాతిదే. అదియు నొక తిట్టే. కాఁగా నిక్కడ సంబంధ మేది యనుటయం దభిప్రాయభేదమునకుఁ దావు గలదు.

మొదటి పక్షము: సంబంధము జన్యజనకభావము. ‘విధవకొడుకు’ అను తిట్టునందు ఉత్తరపదము లోపించి ‘వెధవ’ మిగిలెను, భీమసేనుఁడు భీముఁడైనట్లు. ముండకొడుకు అను సజాతీయపద మీ పక్షమునకు బలము. రెండవ పక్షము: సంబంధము సాదృశ్యము. లోకము విధవను నిరుపయోగ యనియు, నమంగళ యనియుఁ దలంచెను. పనికిమాలిన పురుషుఁడు ఆ గుణముచే వెధవ యనఁబడెను. మూఁడవ పక్షము: ఇది శాపము, ‘నీ యింట వైధవ్యము కలుగుఁగాక’ యని, అనఁగా నీవు చత్తువుగాక యని, భావము.

మూఁడవదానికి యుక్తి స్వల్పము. శాపమైనచో భార్యాప్రసక్తి యుండవలెను. పెండ్లికాని బాలుని నేల వెధవ యనవలెను? మొదటి పక్షము మనుష్యులవిషయమునఁ జక్కఁగాఁ బొసఁగును. కాని లోకవ్యవహారమున వెధవశబ్దము మనుష్యులకే పరిమితము గాదు. వెధవపని, వెధవబండి, వెధవచదువు అని యచేతనములకు విశేషణముగను వాడుదురు. బండి కొకనికిఁ గొడుకు గాదు. సాదృశ్యపక్షమైనచో మనుష్యులకును, వస్తువులకును నొక్కటే సమాధానము చాలును. లాఘవ మిందుఁ గలదు. తెలుఁగునందలి ‘బోడి’ శబ్దము దీనికి సాక్షి. ముండనముచేతఁ గేశములు లేని స్త్రీని దెలుపు నా పదము బోడిసలహా, బోడిపెత్తనము అని తుచ్ఛార్థమున విశేషణమయ్యెను. రెండు పదములును నొక్క త్రోవనే నడచినవి. కాఁబట్టి రెండవపక్షమే సిద్ధాంతముగా గ్రహింపఁదగును. మొదటిది దానికి సహకారి.

ఈ సిద్ధాంతమువలన నొక విషయము తేటపడుచున్నది. ‘వెధవ’ యని తిట్టినపుడు నింద యెదుటి పురుషునికిఁ దగులుటకు ముందు, భర్త పోయిన స్త్రీ పనికిమాలినది యను నభిప్రాయము సిద్ధమై యుండవలెను. అది లేనిదే లక్షణ పుట్టదు. తిట్టఁబడువాఁ డొకఁడు, తిట్టునకు మూలధనముగా వాడఁబడున దింకొకతె. ఆమె యక్కడ నుండదు. ఏ తప్పును జేసి యుండదు.

రూఢమైనది గదా, పలుకువానికి మూలార్థము తోఁపనే తోఁపదుగదా యని కొంద ఱందురు. రూఢిలక్షణకు ‘కుశల’ శబ్దము నుదాహరింతురు: కుశలను, అనఁగా దర్భలను, కోయువాఁడను నర్థము పోయి నిపుణుఁడను నర్థము నిలిచెను. అక్కడ దర్భలు గోయువాఁ డెవఁడును నొచ్చుకొనఁడు. ఆ యర్థము మఱుగుపడినది. వెధవశబ్దమున మూలార్థము మఱుగుపడలేదు. విధవ ప్రక్కయింటనే యున్నది. ఒక్కొక్కచో నదే యింట నున్నది. రూఢి యను సమాధానము మూలార్థము మరణించినచోట మాత్రమే చెల్లును.

ఆంగ్లభాషాచరిత్రము నిందులకుఁ దులనగాఁ జూపవచ్చును. ఆ భాషలో ‘విలన్’ అనఁగా నేఁడు దుర్మార్గుఁడు; మొదట లాటిను ‘విల్లా’, అనఁగా పల్లెయందలి భూస్వామిక్షేత్రము, దానిని దున్ను సేద్యగాఁడు. ‘నేవ్’ అనఁగా మొదట బాలుఁడు, పిదప సేవకుఁడు, తుదకు వంచకుఁడు. ‘డన్స్’ అనఁగా మందబుద్ధి. ఇది 1308లో మరణించిన డన్స్ స్కోటస్ అను మహాపండితుని పేరు. పదునాఱవ శతాబ్దమునఁ గ్రొత్తవిద్యలవారు ఆయన శిష్యసంప్రదాయమును బరిహసించి యా పేరును దిట్టుగా మార్చిరి. దేవానాంప్రియశబ్దమునకు నిది సరిజోడు. వీనికంటె వెధవశబ్దమునకు సన్నిహితమైనది ‘హోర్సన్’ అను ప్రాచీనపుఁ దిట్టు. వేశ్యాపుత్రుఁడని దాని యవయవార్థము. షేక్స్పియరు నాటకములలో లియరు రాజు కథయందుఁ గెంటు ప్రభువు దీనిని గోపమున వాడును; నాల్గవ హెన్రీ నాటకమున నదే పదము ఫాల్‌స్టాఫునెడ ముద్దుమాటగా వచ్చును. కొడుకును దిట్టుటకుఁ దల్లి శీలమును వాడుకొనుట, కాలక్రమమున నది నవ్వులాటమాట యగుట, ఈ రెండును దెలుఁగునందును జూచుచున్నవే. అయితే హోర్సన్ శబ్దము వ్యవహారభ్రష్టమయ్యెను. విలన్ శబ్దమును విని పూర్వపు సేద్యగాని దలంచువాఁడు లేఁడు. ఆ తిట్లకుఁ గాలము చికిత్స చేసెను. వెధవశబ్దమునకుఁ జేయలేదు.

ఈ పద మెల్లకులముల జీవితమునుండి పుట్టినదిగాఁ దోఁపదు. పెక్కు శ్రామికకులములలో ‘మారుమనువు’ పూర్వమునుండి కలదు. భర్త పోయిన స్త్రీ మరల మనువాడినచో వైధవ్యము జీవితాంతపు ముద్రగా నుండదు. పునర్వివాహము నిషిద్ధమై, ముండనము విధియై, బాలవిధవ లింటింట నున్న కులములలోనే యీ పదమున కింత చేఁదు పట్టియుండును. పిదప నది తక్కినవారి నోళ్ల కెక్కెను. సంస్కృతపదమే తిట్టగుటయు నీ యూహకుఁ దోడ్పడుచున్నది.

హిందూవిధవల పునర్వివాహమునకుఁ జట్టము 1856లో వచ్చెను. కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమునఁ దన మొదటి విధవావివాహమును జరిపించెను. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో రంగమెక్కి 1897లో ముద్రితమయ్యెను. బాలవిధవ దుఃఖము కథావస్తువుగాఁ గల యా నాటకపు సంభాషణలలోనే వెధవశబ్దము పురుషులను దిట్టుటకును వాడఁబడుట, ఆ నాఁటి వ్యవహారమున రెండర్థములు నెట్లు ప్రక్కప్రక్కన నుండెనో చూపును. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1902లో వితంతుశరణాలయమును, 1922లో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. ఆ శరణాలయమునకు ‘వితంతు’ శబ్దమును గ్రహించుటయు గమనింపఁదగినది. తంతువు, అనఁగా సూత్రము, లేనిది యని యవయవార్థము. విధవాశబ్దము నింద్యమైనందున గౌరవింపఁగోరువారు వేఱుపదమును వెదకుకొనవలసివచ్చెను. పూర్వసువాసిని యనుటయు, ఉత్తరములలో గంగాభాగీరథీసమానురాలని వ్రాయుటయు నట్టి యత్నములే. ఒక పదము చెడినచో సభ్యులు దానిచుట్టు నెన్ని దారులు త్రొక్కవలెనో వీనివలనఁ దెలియును.

ఇది గతించిన సంగతి గాదు. 1987-88లోఁ దెల్లదోమ మొదలగు పురుగులవలనఁ బత్తిపైరు చెడఁగా, అప్పులపాలైన రైతులు పలువురు ప్రకాశము, గుంటూరు మండలములలోఁ బ్రాణములు దీసికొనిరి. వారి భార్యలు అప్పును, పిల్లలను, పొలమును దామే మోసిరి. పత్తి తీయుచు, మిరపకాయలు గోయుచు, బిడ్డలను బడికిఁ బంపిన యా స్త్రీలను జూచిన పిమ్మట ‘పనికిమాలినది’ యను పదార్థము వారియందుఁ బొసఁగునా? లక్షణకు మూలమైన సాదృశ్యమే యసత్యమైనపుడు లక్షణ యెట్లు నిలుచును? తర్కరీత్యా నీ తిట్టు అసిద్ధము.

ఈ తిట్టు విశేషించి వినఁబడు స్థానములలోఁ బాఠశాల యొకటి. లెక్క తప్పిన బాలుని, సంధి విఱుపనేరని బాలుని, పంతులు వెధవా యని పిలుచును. ఆ వరుసలోనే తండ్రి లేని బాలుఁ డొకఁడు కూర్చుండి యుండును. తక్కినవారికి నది తిట్టుమాత్రమే. వానికిఁ దల్లి పేరు. పంతులు దానిని రూఢిగాఁ బలికెను. బాలుఁడు ముఖ్యార్థముననే వినెను. శాబ్దబోధము పలుకువాని తాత్పర్యమును బట్టియే గాక, వినువాని స్థితిని బట్టియుఁ గలుగునని యెఱిఁగిన పండితునికి నిది వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

మందబుద్ధి యనుటకుఁ దెలుఁగున మాటలు తక్కువ గావు. మొద్దు, మందమతి, సోమరి యను పదములు తప్పు చేసినవానినే తాఁకును, మఱియొకరిని లాగవు. బాలునిఁ గోపింపక తప్పనిచో నవి చాలును. వెధవశబ్దమును నిఘంటువునుండి తీసివేయ నెవ్వరికిని శక్యము గాదు, తీసివేయవలసిన పనియు లేదు. తెలుఁగు పాఠమునఁ బ్రకృతివికృతులు చెప్పునపుడు విధవ, వెధవ యను జంట వచ్చినచో దాని యర్థమును, చరిత్రమును గూడఁ జెప్పిన చాలును. పదముయొక్క తల్లి నెఱిఁగిన బాలుఁడు దానిని దిట్టుగాఁ బలుకుటకు నోరు మెదపఁడు.